ఆ ఇంట్లో కుక్క లేదు

సాంక్ట్ ఒట్మార్, 13 ఫిబ్రవరి 1847

వదినగారికి,

మొన్న గురువారం సాయంత్రం నాలుగున్నరకు మీ చెల్లెలు ఫిలొమీన చనిపోయింది. కొండ కనుమ దారి మంచుతో మూసుకుపోయిందని తపాలా బండివాడు చెప్పాడు. మీరు రాలేరని తెలుసు. అందుకే ఆ రోజు ఎలా గడిచిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పొద్దున ఆరింటికి జ్వరం కొంచెం తగ్గింది. కిటికీ తెరవమంది. ఉపవాసాల ముందు గురువారం కదా, వీధి వీధంతా క్రాఫెన్ బూరెలు వేయిస్తున్నారు. "పక్కింటావిడ నెయ్యి మాడ్చేసింది" అంది. ఆమె మామూలుగా మాట్లాడిన చివరి మాట అదే. పదింటికి ఫాదర్ వచ్చి నుదుట నూనె రాసి, చివరి ప్రార్థన చేసి వెళ్లారు. మధ్యాహ్నం రెండు చెంచాల మాంసం చారు తాగింది.

రెండింటికి నా చొక్కా చేయి పట్టుకుంది. "ఆ ఇంట్లో కుక్క లేదు" అంది. పడుకోమన్నాను. మళ్లీ అదే మాట, చిన్నపిల్లలకు పాఠం చెప్పినట్టు ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పింది. తర్వాత, "సెన్సికి ఊలు మేజోళ్లు పంపండి" అంది. సెన్సి ఎవరో మీకు తెలియకపోవచ్చు. యజమాని గడ్డి కొట్టానికి నిప్పు పెట్టిన పనిపిల్ల. ఆ కేసు విచారించింది నేనే. పదిహేనేళ్లు శిక్ష పడింది. జ్వరంలో ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు. ఆ తర్వాత ఆచారం ప్రకారం ఫిలొమీన చేతిలో కొవ్వొత్తి పెట్టి, పైనుంచి నా చేత్తో పట్టుకున్నాను. కొవ్వొత్తి సగం కూడా కాలలేదు.

పోయినవాళ్ల ఇంట్లో చేసేటట్టే గడియారం ఆపేశాను. ఇంకా నడిపించలేదు.

మిమ్మల్ని రెండు విషయాలు అడగాలి. మీ నాన్నగారి ఇంట్లో చిన్నప్పుడు కుక్క ఉండేదా? ఆమె మాట దాని గురించేనేమోనని. రెండోది, నవంబరు నుంచి నా కథలకు శుభ్రప్రతి రాయడం మానేసింది. కళ్లు నొప్పి అంది. ఇరవై రెండేళ్లు నా ప్రతి వాక్యం ఆమె చేతిమీదుగానే అచ్చుకు వెళ్లింది. అప్పటికే జబ్బుపడి నా దగ్గర దాచిందా? మీకేమైనా రాసిందా?

మీ మరిది,
వెండెలిన్ ఆయ్‌గ్నర్


హిన్‌టర్‌ఔ, 19 ఫిబ్రవరి 1847

మరిదిగారికి,

మీ ఉత్తరం వంటవాడు చదివి వినిపిస్తానన్నాడు. అతనికి ఇవ్వలేదు. నేనే చదువుకున్నాను. సత్రంలో పదిమంది బండివాళ్లు బీరు కోసం అరుస్తుంటే పిండి బస్తా మీద కూర్చుని ఏడ్చాను. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. దానికి జడలు వేసింది నేను. మీకిచ్చి చేసేటప్పుడు మా నాన్న ఏమన్నాడో తెలుసా? "జడ్జి అయితే సరే, కథలు రాసే జడ్జి ఏమిటే" అన్నాడు. ఇప్పుడు చెబితే ఏం, ఆయనా లేడు, అదీ లేదు.

కుక్క సంగతి. మా ఇంట్లో కుక్క ఎప్పుడూ లేదు. మా నాన్నకు కుక్కంటే చచ్చేంత భయం. బాతులుండేవి. కాబట్టి అది అన్నది మా ఇంటి గురించే అయ్యుండాలి. పోయేవాళ్లకు పుట్టిల్లు గుర్తొస్తుందంటారు.

కళ్ల సంగతి. మీకు అబద్ధం చెప్పింది. క్రిస్మస్‌కు నాకు అల్లి పంపిన లేసు చూస్తే తెలుస్తుంది, సాలీడు కూడా అంత సన్నగా అల్లలేదు. దాని కళ్లు నిక్షేపంగా ఉన్నాయి.

ఇక నేను అడుగుతాను, మీరు జవాబు చెప్పండి అయ్యా జడ్జిగారూ. సెన్సి ఎవరో నాకు తెలియదని రాశారు. ఎందుకు తెలియదు? శరదృతువు నుంచి మా మీన రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఆ సెన్సే. సెన్సికి పాదాలు చల్లబడుతున్నాయట, సెన్సికి పంతొమ్మిదేళ్లేనట, సెన్సికి దగ్గు పట్టిందట. మొగుడు జైలుకు పంపిన పనిపిల్ల కోసం పెళ్లాం మేజోళ్లు అల్లుతూ కూర్చుందంటే ఏమిటర్థం? నేను పాతికేళ్లుగా సత్రం నడుపుతున్నదాన్ని. నాకు తోచేది ఒక్కటే. ఆ పిల్ల మీ ఇంట్లో ఎప్పుడైనా పనిచేసిందా? దాన్ని అంత దూరం పంపేయాల్సిన అవసరం మీకేమైనా వచ్చిందా?

ఇంకొకటి. క్రిస్మస్‌కు లేసుతో పాటు ఒక పొట్లం పంపింది. దారం కట్టి, లక్క ముద్ర వేసి. "ఆయన తనంతట తాను అడిగితే ఇవ్వు, లేకపోతే వద్దు" అని పైన రాసింది. మీరు కుక్క గురించి అడిగారు, కళ్ల గురించి అడిగారు. పొట్లం గురించి అడగలేదు.

వాల్‌బుర్గ


సాంక్ట్ ఒట్మార్, 24 ఫిబ్రవరి 1847

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. అందులో ఒక పేరా నాలుగుసార్లు చదివాను. వేరే ఎవరైనా రాసి ఉంటే జవాబు ఇచ్చేవాణ్ని కాదు. దుఃఖంలో ఉన్నారు కాబట్టి ఇస్తున్నాను.

ఆ పిల్ల మా ఇంట్లో ఎప్పుడూ పనిచేయలేదు. నేను ఆమెను పదకొండు సార్లు చూశాను. పదకొండు సార్లూ విచారణ గదిలోనే. బల్లకు ఇవతల నేను, అవతల ఆమె. పక్కన గుమస్తా టోబియాస్. గోడవారగా చట్టం ప్రకారం కూర్చోవలసిన ఇద్దరు ఊరి పెద్దలు, రొట్టెల ఆయన, జీనులు కుట్టే ఆయన.

కేసు ఇది. మోస్‌బావర్ అనే రైతు గడ్డి కొట్టం కిందటి ఏప్రిల్ ఇరవై ఒకటిన తగలబడింది. ముందురోజు పాలు ఒలికాయని అతను ఈ పిల్లను అందరి ముందూ కొట్టాడు. ఏడు వారాలు ఆమె నోరు విప్పలేదు. నేను ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. మా చట్టంలో పైకోర్టువారు ముద్దాయిని చూడరు. మేం పంపిన కాగితాలు చూసే తీర్పు ఇస్తారు. అందుకని వాంగ్మూలం విషయంలో నేను చాలా జాగ్రత్తగా ఉంటాను. జూన్ పన్నెండున ఆమె ఒప్పుకుంది. మీ అనుమానం పోవడానికి ఆ భాగం ఎత్తి రాస్తున్నాను. ఇది యజమాని మీద పెంచుకున్న పగ, మరేమీ కాదని మీకే తెలుస్తుంది.

"దెబ్బ చెంప మీద పడింది గానీ మంట గుండెలో లేచింది. రాత్రంతా అది ఆరలేదు. తెల్లవారకముందే పొయ్యిలో నిప్పులు పాలకుండలో వేసుకుని, పైన బూడిద కప్పాను. కుండను బిడ్డలా ఒడిలో పెట్టుకుని వాకిలి దాటాను. కుక్క మొరగలేదు. ఆ ఇంట్లో నా అడుగు చప్పుడు ఎరిగింది అదొక్కటే."

పైకోర్టువారు ఈ వాంగ్మూలం స్పష్టతను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఆగస్టులో టోబియాస్‌కు జ్వరం వస్తే పైకి పంపవలసిన నివేదికకు ఫిలొమీనే శుభ్రప్రతి రాసింది. అలా చేయించడం నిబంధనలకు విరుద్ధం. కానీ గడువు దాటిపోతోంది. బహుశా అప్పుడే ఆ పిల్ల మీద జాలి కలిగి ఉంటుంది. మేజోళ్ల సంగతి అంతే.

పొట్లం మీ దగ్గరే ఉండనివ్వండి. అందులో ఏముందో ఊహించగలను. నా ముందు చెప్పుకోలేక అక్కకు చెప్పుకున్న మాటలై ఉంటాయి. నేను అడగను.

వెండెలిన్


హిన్‌టర్‌ఔ, 2 మార్చి 1847

మరిదిగారికి,

పొట్లం విప్పేశాను. మీరు అడగలేదు, నేనే విప్పాను. మా మీన నన్ను క్షమించాలి. మీరు ఎత్తి రాసిన ముక్కలో కుక్క కనబడింది. మీకు కనబడలేదా? మీ చేత్తో మీరే రాశారు కదా!

నాకు చదువు తక్కువ. పొట్లంలో ఉన్న కాగితాలు రెండూ పక్కపక్కన పరిచి, వేలు పెట్టి చదివాను. వినండి.

ఒకటి మీ కథ. ఏడాదికోసారి వచ్చే సంచికలో అచ్చయిన కథే, మా మీన రాసి తన దగ్గర ఉంచుకున్న ప్రతి. పనిపిల్ల నిప్పు పెట్టే కథ. దానికి సంపాదకుడు పంపిన రసీదు గుచ్చి ఉంది. "మీ కథ చేరింది" అని. తేదీ కిందటేడు ఫిబ్రవరి పదిహేడు. కొట్టం తగలబడింది ఏప్రిల్లో అని మీరే రాశారు.

రెండోది ఆ పిల్ల వాంగ్మూలం. అదీ మా మీన దస్తూరీయే, తన కోసం ఎత్తి రాసుకుంది. రెండింటిలోనూ కొన్ని వాక్యాల కింద గీతలు గీసింది. పాలకుండ, పైన బూడిద. బిడ్డలా ఒడిలో. కుక్క. మాటకు మాట అవే.

వెండెలిన్ గారూ, మంట లేవకముందే ఆ పిల్ల మాటలు మీ కథలోకి ఎలా వచ్చాయి?

ఇంకా ఒక చీటీ ఉంది. దాచి లాభం లేదు, ఉన్నది రాస్తున్నాను. "ఈ రోజు గుడ్ల కోసం మోస్‌బావర్ ఇంటికి వెళ్లాను. కుక్క ఏదని అడిగాను. ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండుగ నాడే చచ్చిపోయిందట. మళ్లీ తేలేదట. మంట లేచేనాటికి ఆ ఇంట్లో కుక్క లేదు. కథా నా చేత్తోనే రాశాను, వాంగ్మూలమూ నా చేత్తోనే రాశాను. ఆయన తెలిసే చేశారా? అడగాలంటే భయంగా ఉంది. ఔనంటారేమోనని."

మీ మీద ఆ పాడు అనుమానం పెట్టుకున్నందుకు తప్పైపోయింది. కానీ ఒక మాట చెప్పనా? ఇప్పుడు అదే నిజమై ఉంటే బాగుండేదనిపిస్తోంది. అలాంటి తప్పు చేసినవాళ్లను నా సత్రంలో రోజూ చూస్తాను. ఇలాంటిది నేనెప్పుడూ వినలేదు. మా చెల్లెలు మీ పక్కన పడుకుని మిమ్మల్ని ఏమనుకుంటూ పోయిందో!

వాల్‌బుర్గ


సాంక్ట్ ఒట్మార్, 9 మార్చి 1847

వదినగారికి,

మీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. చదివి బల్ల మీద పెట్టాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. గడియారం ఇంకా నడిపించలేదని చెప్పాను కదా.

శనివారం మోస్‌బావర్ పొలానికి నడిచి వెళ్లాను. పదేళ్లుగా వారానికి రెండుసార్లు ఆ కంచె పక్కనుంచి వెళ్తున్నాను. ప్రతిసారీ ఒక నల్లటి కుక్క గొలుసు తెంచుకునేటట్టు మొరిగేది. ఆ మొరుగుడు ఆగి ఏడాదైనా నేను గమనించలేదు. కథలో రాసింది దాన్నే. కుక్కల గూడు ఇంకా అక్కడే ఉంది. అందులో కోడి పొదుగుతోంది.

"ఏంటి జడ్జిగారూ, ఇటొచ్చారు? తగలబడ్డ కొట్టానికి రావలసిన సొమ్ముకేమైనా దారి దొరికిందా?" అన్నాడు మోస్‌బావర్.

కుక్క ఎప్పుడు చచ్చిందని అడిగాను.

"మీ ఇంటావిడ కూడా అదే అడిగిందండీ. మీ ఇంట్లో అందరికీ నా కుక్క మీదే బెంగా?" అని నవ్వాడు. సంతాపానికి నేను చేతికి కట్టుకున్న నల్ల పట్టీ చూసి టోపీ తీశాడు. "కొవ్వొత్తుల పండుగ నాడండీ. ముసలిదైపోయింది."

ఈ సంగతి వాంగ్మూలం చదివినప్పుడు ఎందుకు చెప్పలేదన్నాను.

"నాకెవరు చదివి వినిపించారండీ? ఒప్పుకుందన్నారు, సరేనన్నాను."

సోమవారం టోబియాస్‌ను పిలిచాను. పద్దెనిమిదేళ్లుగా నా దగ్గర గుమస్తా. జూన్ పన్నెండున ఆ పిల్ల సరిగ్గా ఏమందో గుర్తుందా అని అడిగాను.

"గుర్తు లేకేమండీ. ఒక్క మాటే కదా అంది."

"ఏమంది?"

"'అలాగే అయ్యుంటుంది, అయ్యా' అంది. మీరు ఏడు వారాలుగా అడుగుతూనే ఉన్నారు. ఆ రోజు మీరే మొత్తం చెప్పారు. ఇలా కొట్టాడు, ఇలా కోపమొచ్చింది, నిప్పులు దేంట్లో తీసుకెళ్లావు, పాలకుండలోనా అని. చాలా మెల్లగా చెప్పారు. ఆ పిల్ల వింటూ ఏడ్చింది. మా అమ్మకు కూడా అలాగే చెంప మీద పడేది అనో ఏదో గొణిగింది. తర్వాత అలాగే అయ్యుంటుంది అంది. మీరు చెబుతుంటే నేను రాశాను."

"ఆమె చెప్పనివి రాశావా టోబియాస్?"

అతను నన్ను వింతగా చూశాడు. "అయ్యగారూ, ముద్దాయిలు చెప్పింది చెప్పినట్టు ఎప్పుడు రాశామండీ? వాళ్లది మాటా? సగం ఏడుపు, సగం ఊఁ. మీరు దాన్ని మనుషులు చదివేలా దిద్ది చెబుతారు, నేను రాస్తాను. చివర చదివి వినిపిస్తాం, సంతకానికి బదులు మూడు శిలువ గుర్తులు పెడతారు. ఎప్పుడూ అంతే కదండీ."

అంతే. అది ఈ కోర్టులోనే కాదు, అన్నిచోట్లా ఉన్న పద్ధతే. నేను దాన్ని అందరికంటే బాగా చేశాను.

రొట్టెల ఆయన్ని కూడా అడిగాను. తను రాత్రి రెండింటికే లేచి పొయ్యి రాజేస్తానని, విచారణ గదిలో పగటిపూట కళ్లు మూతలు పడతాయని చెప్పాడు. "కానీ చివర మీరు చదివినప్పుడు మెలకువగానే ఉన్నానండీ. ఎంత బాగా చెప్పిందో ఆ పిల్ల, మా ఆవిడకు కూడా చెప్పాను" అన్నాడు.

మీరు అడిగిన దానికి జవాబు. తెలిసి చేయలేదు. కథ పంపేశాక దాన్ని మరిచిపోయాను. ఆ పిల్ల నోరు విప్పకుండా ఎదురుగా కూర్చున్నప్పుడు, ఆమె తరఫున మాటలు నాకే తోచాయి. అవి ఆమె మనసులోంచి వస్తున్నాయనుకున్నాను. నా సొరుగులోంచి వస్తున్నాయని తెలియలేదు. అచ్చయిన సంచిక చేతికొచ్చాక కూడా తెలియలేదు. మీకు ఎత్తి రాసిన రోజున కూడా తెలియలేదు. ఇది ఎవరూ నమ్మరు. నేనే విచారిస్తే నేను నమ్మను.

ఇంకొకటి గుర్తొచ్చింది. డిసెంబరులో ఒక రోజు భోజనాల దగ్గర ఫిలొమీన చెంచా కింద పెట్టి, "మోస్‌బావర్ ఇంట్లో కుక్క లేదండీ" అంది. నేను పత్రిక చదువుతున్నాను. "కొనుక్కోమను" అన్నాను. ఆమె లేచి పళ్లేలు తీసింది. నేను పేజీ తిప్పాను.

ఆ మాటతో ఆమెకు ఔననే జవాబు దొరికినట్టు అనిపించి ఉంటుంది.

ఆ కాగితాలు, రసీదుతో సహా, నాకు పంపండి.

వెండెలిన్


హిన్‌టర్‌ఔ, 14 మార్చి 1847

మరిదిగారికి,

పంపను. కోపం తెచ్చుకోకండి. మీ మాట నమ్ముతున్నాను, తెలిసి చేయలేదనే నమ్ముతున్నాను. కానీ మీ ఇంట్లో పొయ్యి ఉంది, మీరు ఒంటరిగా ఉన్నారు, ఆ కాగితాలు తప్ప ఆ పిల్లకు దిక్కు లేదు. రేపు మీ మనసు ఎటు తిరుగుతుందో మీకే తెలియదు. ఏడు వారాలు ఒక పిల్ల ఎదురుగా కూర్చుని మీరేం చేస్తున్నారో మీకే తెలియలేదు కదా. అందుకని మొత్తం కట్టి పైకోర్టు పెద్ద జడ్జిగారి పేరున నిన్ననే పంపేశాను. నా వంకర దస్తూరీతో ఒక ఉత్తరం కూడా పెట్టాను. తప్పులున్నా ఏమీ అనుకోవద్దని రాశాను.

మేజోళ్లు పంపాను. మూడు జతలు. జైలు చూసుకునే సిస్టర్ నుంచి జవాబు వచ్చింది. సెన్సి దగ్గు తగ్గలేదట. తిండి సగం వదిలేస్తోందట. మేజోళ్లు ఎవరు పంపారని అడిగితే జడ్జిగారి భార్య అని చెప్పారట. "ఆయన మంచివారు, నా కథ ఆయనొక్కరే ఓపిగ్గా విన్నారు" అందట.

ఇది మీకు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను.

ఏం చేస్తారో త్వరగా చేయండి. ఆ పిల్లకు మీ పశ్చాత్తాపం కాదు, తలుపు తెరుచుకోవడం కావాలి.

వాల్‌బుర్గ


లింట్స్, 21 మార్చి 1847, ఆదివారం

వదినగారికి,

కాగితాలు నాకు పంపకపోవడం మంచి పని. కాల్చేవాణ్ని కాదు. కానీ మీరు నన్ను అనుమానించడం న్యాయం.

పైకోర్టు పని మీద గురువారం నుంచి ఇక్కడే ఉన్నాను. నిన్న పెద్ద జడ్జిగారు తమ ఇంటికి పిలిచారు. మీ పొట్లం ఆయన బల్ల మీద ఉంది. కాఫీ ఇచ్చారు. "చూడండి ఆయ్‌గ్నర్, దీనికి తేలిక దారి ఉంది. పిల్ల ఆరోగ్యం బాగాలేదు కాబట్టి చక్రవర్తి దయ కోరుతూ ఒక అర్జీ పెడదాం. ఏడాదిలో బయటికి వస్తుంది. మీ పేరు రాదు, కోర్టు పేరు రాదు. భార్య పోయిన మనిషి, ఇప్పుడు ఇవన్నీ దేనికి?" అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు.

దయ నేరం చేసినవాళ్లకు కదండీ అన్నాను.

"మీకు తెలుస్తోందా? మళ్లీ విచారణ అంటే ముందు మిమ్మల్నే విచారించాలి. ఉద్యోగం పోతుంది. మీరు తెలిసే చేశారని తేలితే జైలు. తెలియక చేశానంటే మీ కోర్టులో పద్దెనిమిదేళ్ల వాంగ్మూలాలన్నీ మళ్లీ తీయాలి."

తీయాలి అన్నాను. అప్పటిదాకా ఆ సంఖ్య నాకు తోచలేదు. మెట్లు దిగుతూ ఆ వాంగ్మూలాలు లెక్కపెట్టబోయాను. మధ్యలో లెక్క తప్పింది. పైన ఆయన భార్య ఎవరినో అడుగుతోంది, "ఆ కథలు రాసే ఆయనేనా?" అని.

సిస్టర్ రాసిన మాట మీరు నాకు తెలియజేయడం సరైనదే. ఆ పిల్ల నా గురించి అన్న మాట నిజం కాదు. ఆమె కథ నేను వినలేదు. ఆ ఏప్రిల్ పొద్దున ఏం జరిగిందో ఈనాటికీ నాకు తెలియదు. ఎవరైనా అంటించారో, దానంతటదే అంటుకుందో కూడా తెలియదు. ఆమెను ఎవరూ ఇంకా అడగలేదు.

ఫిలొమీన నన్ను ఏమనుకుంటూ పోయిందో, దాని గురించి రాయలేను. తెలిసే చేశారా అని అడిగి ఉంటే కాదని చెప్పేవాణ్ని. అడిగింది. కొనుక్కోమన్నాను.

నా మీద విచారణకు ఒక కుర్ర జడ్జిని నియమించారు. మూడేళ్ల కిందట నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నా కథలంటే అతనికి ఇష్టం. వాంగ్మూలం ఎలా దిద్దాలో అతనికి నేర్పింది నేనే.

రేపు పొద్దున ఎనిమిదింటికి అతని విచారణ గదికి వెళ్తాను. బల్లకు అవతలివైపు నిలబడతాను. తడబడితే తడబడినట్టు, ఆగిపోతే ఆగిపోయినట్టు రాయమంటాను. నేను చెప్పని మాట ఒక్కటి కూడా చేర్చొద్దని, చెప్పిన మాట ఒక్కటి కూడా బాగుచేయొద్దని గుమస్తాకు ముందే చెప్పి, అప్పుడు మొదలుపెడతాను.

వెండెలిన్